ఆయన పేరున ఒక గిలాసు

తెల్లారి వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, పాలు కాచి దించాక లక్ష్మీదేవమ్మ నిమ్మకాయల బుట్ట ముందేసుకుని అరుగు మీద కూచుంటుంది. ఎండాకాలం వచ్చిందంటే ఆమెకు ఇదే కాపురం. కాయను నేరుగా కత్తికి అప్పగించడం ఆమెకు గిట్టదు. ముందు బండ మీద పెట్టి అరచేత్తో అటూ ఇటూ దొర్లిస్తుంది. లోపల మెత్తబడిందని చేతికి తెలిశాకే అడ్డంగా కోస్తుంది. మరలో పెట్టి నొక్కితే గింజ నలిగి చేదెక్కుతుందని ఆమె వాదన. అందుకే కోడలు మధులత ముచ్చటపడి కొన్న ప్లాస్టిక్ మర అటకెక్కి, అక్కడే ముసలిదైపోయింది.

సుగంధి వేర్లతో చేసే నన్నారి పాకం కూడా ఆమె చేతిదే. ఆత్మకూరు నుంచి తెలిసినవాళ్ళు అడవి వేర్లు పంపిస్తారు. వాటిని కడిగి, రోకలితో నలగ్గొట్టి, నడిమి పుల్ల తీసేసి, పై బెరడు మాత్రం వేణ్ణీళ్ళలో ఒక రాత్రి నానబెడుతుంది. మర్నాడు వడగట్టి, చక్కెర పోసి పాకం పడుతుంది. దించేముందు నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే పాకం గడ్డకట్టదు. గిలాసులో ఆ నల్లటి పాకం కొంచెం, నానిన సబ్జా గింజలు, కడవలో నీళ్ళు, చివరికి నిమ్మకాయ. అంగట్లో సీసా కొనుక్కుని కలుపుకునేవాళ్ళను చూస్తే ఆమెకు జాలి. "అది నన్నారి గాదు, రంగు నీళ్ళు" అని మొహం మీదే అనేస్తుంది.

అయితే జనం ఆమె ఇంటికొచ్చేది రుచి కోసమొక్కటే కాదు. ఆమె ఎవరి పేరైనా పైకి పలికి నిమ్మకాయ పిండిందంటే, ఆ గిలాసు ఎవరు తాగినా దప్పిక తీరేది పేరు గలవాళ్ళకే. తాగినవాళ్ళకు పులుపూ తీపీ దక్కుతాయి గానీ గొంతు ఎండింది ఎండినట్టే ఉంటుంది. పేరు పలకకుండా పిండితే మామూలే, ఎవరు తాగితే వాళ్ళకు. బద్వేలు చుట్టుపక్కల ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఇంత వానలేని సీమలో ఇట్లాంటిది ఒకటైనా ఉండకపోతే ఎట్లా అనుకున్నారేమో, ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోలేదు.

పక్కింట్లో ఉంటూ ఈ ఇంటి అంట్లు తోమిపెట్టే శివలీల మొగుడు ఉమామహేశ్ లారీ తోలుతాడు. "పిన్నమ్మా, ఆయప్ప ఈపొద్దు నాగపూరు దావలో ఉండాడంట. ఒక గిలాసు పిండు" అని ఆ పిల్ల వస్తుంది. లక్ష్మీదేవమ్మ "ఉమామహేశ్" అని పలికి పిండుతుంది. శివలీల నిలబడి తాగేసి పోతుంది. సాయంత్రం వాడు ఫోన్ చేసి, "అన్నం యాళకు తాగినావు గదా? రేపు ఇంకొంచెం ముందు తాగు, టైరు మార్చేతప్పుడు నాలిక పిడసగట్టుకపోయింది" అంటాడు. గొర్రెలు తోలుకుపోయినవాళ్ళకూ, బస్సు చెడిపోయి దారిలో నిలిచిపోయినవాళ్ళకూ ఆమె ఇట్లాగే పిండిపెట్టింది.

ఊరందరి దప్పికా తీర్చిన ఆ చెయ్యి సొంత మొగుడి దగ్గరికొచ్చేసరికి చచ్చుబడింది.

ఆమె మొగుడు సుబ్బయ్య నీళ్ళమనిషి. వాళ్ళ ఇంటిపేరే బావులోళ్ళు. ఒకప్పుడు ఆయన బోర్ల నీళ్ళు తాగి పక్కవాళ్ళ చీనీ బత్తాయి తోటలు కూడా బతికాయి. "చెట్టు దప్పికంటే మనిషి దప్పిక లాంటిది గాదప్పా, అది అడగలేదు" అంటూ పైపు అటు తిప్పేసేవాడు. అట్లాంటి మనిషికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు కొడుకు భూపేష్ కారులో కడపకు తీసుకుపోయి రక్తం కడిగించుకొస్తాడు. ఒంట్లోకి పోయిన నీళ్ళకు బయటికి దారి లేదు కాబట్టి రోజంతటికీ ఒక చిన్న చెంబు నీళ్ళే తాగాలన్నాడు డాక్టరు. మాత్రలకూ, చారుకూ, మజ్జిగకూ అన్నిటికీ కలిపి ఆ చెంబే. నిమ్మకాయ, చీనీకాయ రసాలైతే నాలిక్కి తగలనే కూడదు.

కడప ఎండల్లో ఒక మనిషిని చెంబుడు నీళ్ళతో బతకమనడం ఎట్లా ఉంటుందో ఆ ఇంట్లో వాళ్ళకు తెలిసొచ్చింది. మధులత ఫ్రిజ్‌కు తాళం వేసింది. ఆ చెవి లక్ష్మీదేవమ్మ కొంగుకు చేరింది. కడవలు వంటింట్లోకి, వంటింటికి గొళ్ళెం. అయినా ఆయన దొంగతనం మానలేదు. చేతులు కడుక్కునే నెపంతో దోసిట్లో నీళ్ళు తాగేవాడు. కుక్కకు పెట్టిన చిప్ప ఒకరోజు ఖాళీగా కనిపిస్తే, కుక్కే తాగిందని అందరూ ఒకరికొకరు చెప్పుకున్నారు. ఉగాది ముందర ఒక మధ్యాహ్నం కూలరు తొట్టికి నోరు పెట్టి తాగాడు. సాయంత్రానికి ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరి, పడుకోలేక, కూచోలేక, గాలి కోసం నోరు తెరిచి కొట్టుకున్నాడు. భూపేష్ కారును ఎట్లా తోలాడో వాడికే తెలియదు.

ఆయనకు రక్తం కడిగే నర్సు క్రిస్టినా కటువుగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం లక్ష్మీదేవమ్మను వరండాలోకి పిలిచి, "అమ్మా, గుండె శానా నీరసపడింది. ఇంకొక్కసారి ఇట్ల తాగొస్తే మేం చేసేదేం లేదు. డాక్టరు గారు మీకు చెప్పలేక నాకు చెప్పినారు" అంది.

అప్పటినుంచి లక్ష్మీదేవమ్మకు కంటి మీద కునుకు లేదు. తలుపు చప్పుడైనా, చెంబు మోగినా గుండె జారిపోయేది. ఆయన మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "ఒక్క గుక్క మే. మింగను. పుక్కిలించి ఊంచేస్తా" అనేవాడు. ఆమె తడిగుడ్డతో పెదాలు తుడిచేది. ఆయన ఆ గుడ్డను పళ్ళతో పట్టుకుని చప్పరించేవాడు. ఆమె లాగేది. పెళ్ళయి ఇన్నేళ్ళలో మొగుడి నోటి దగ్గరిది లాక్కోవడం ఆమెకు ఇదే మొదటిసారి, తన మీద తనకే అసహ్యం వేసేది.

ఒకరోజు మధులత బడి నుంచి వచ్చి బ్యాగు దించుతూ మామూలుగా అడిగేసింది. ఆ పిల్ల బద్వేలులో టీచరు. "అత్తా, మామ పేరున నువ్వే పిండొచ్చు గదా? ఎవురో ఒకరం తాగుతాం. మామకు దప్పిక తీరుతుంది, ఒంట్లోకి నీళ్ళు పోవు."

ఆ ఆలోచన లక్ష్మీదేవమ్మకు రాక కాదు. ఆమె మొగుడి పేరు పలకదు. పలికితే, పలికినప్పుడల్లా ఆయన ఆయుస్సులో ఒక దినం తగ్గిపోతుందని వాళ్ళమ్మ పెళ్ళిపీటల మీద చెవిలో చెప్పింది. రేషను కార్డువాళ్ళు అడిగినా, ఓట్ల వాళ్ళు అడిగినా అరచేతిని పాము పడగలాగా ఎత్తి చూపించేది. సుబ్రహ్మణ్యస్వామి పడగ కదా, వాళ్ళే అర్థం చేసుకుని "సుబ్బయ్యా?" అనేవాళ్ళు. ఆమె తల ఊపేది. ఆయన పొలంలో ఉన్నన్నాళ్ళూ పేరుతో పని పడలేదు. నన్నారి క్యాను చంకనేసుకుని తనే గట్ల వెంబడి పోయి ఇచ్చొచ్చేది.

"నేను దినమంతా భూపేష్ భూపేష్ అంటానే ఉంటా గదత్తా, ఏమైంది?" అంది మధులత.

"అందుకే గదమ్మా నాకు గుండె దడ" అంది లక్ష్మీదేవమ్మ.

ముందు అడ్డదారులు వెతికింది. పడగ పట్టి ఇంకో చేత్తో పిండింది, కుదరలేదు. మధులత పేరు పలుకుతుంటే తాను పిండింది, అదీ కుదరలేదు. పలికే నోరూ, పిండే చెయ్యీ ఒకరివే అయి ఉండాలి. ఇటు పేరు పలికితే ఒక దినం పోతుంది, అటు పలక్కపోతే మనిషే పోయేట్టున్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం వంటింటి తలుపు మూసుకుని, నిమ్మచెక్క పిడికిట్లో పట్టుకుని, "అమ్మా, నన్ను చెమించు" అని చచ్చిపోయిన తల్లిని తలుచుకుని, "సుబ్బయ్య" అని పలికింది. పలికినాక నోరు కాలినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గిలాసు తనే తాగి, పరుగున మంచం దగ్గరికి పోయింది.

"ఒక్క గుక్క మే" అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున్నే పిండిమిల్లు సుబ్బయ్య గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమ్మా, నిన్న మర ఆడిస్తాంటే ఉన్నట్టుండి కడుపు సల్లగా అయిపాయె. నా మింద ఎవురికంత దయ పుట్టింది?" ఆయన పోయాక నడిపి సుబ్బయ్య, ఆ వెనకే ట్రాక్టరు సుబ్బయ్య వచ్చారు. ఆ ఊళ్ళో రోడ్డు మీద నిలబడి సుబ్బయ్యా అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఒక్క గిలాసును అంతమందీ పంచుకున్నారు. మంచం మీది సుబ్బయ్యకు మాత్రం అందలేదు.

రెండోసారి ఇంటిపేరు కలిపి "బావులోళ్ళ సుబ్బయ్య" అంది. అది పోరుమామిళ్ళలో ఉన్న పెదనాయన కొడుక్కి పోయింది. ఆయన పనిగట్టుకుని ఫోన్ చేసి, "వదినా, అడక్కుండా ఇచ్చినావు, సల్లగుండు" అన్నాడు. మూడోసారి తండ్రి పేరు కూడా చేర్చింది. ఆయన తండ్రి కూడా సుబ్బయ్యే. పొద్దున పొలానికి పోయిన భూపేష్ తిరిగొచ్చి, "తాత సమాధి బండ తడిసి ఉండాదమ్మా. చుట్టూ చీమలు చేరినాయి. ఎవురు నీళ్ళు పోసినారో ఏమో" అన్నాడు. లక్ష్మీదేవమ్మ కత్తి పక్కన పడేసి గోడకానుకుని ఏడ్చింది. మామగారి దప్పిక తీరినందుకు సంతోషమే. కానీ బతికున్న మనిషి ఆయుస్సులోంచి మూడు దినాలు పోయి, ఒక్క గుక్కైనా దక్కలేదు. నిజానికి ఆ పేరు ఆమె నోటికి పరాయిది. ఊళ్ళో ఎవరెవరి నోట్లోనో నలిగిన పేరు. అది ఆమె నోట పడితే ఏ సుబ్బయ్య దగ్గరికి పోవాలో దానికైనా ఎట్లా తెలుస్తుంది?

ఆ వారం ఆయన మరీ నీరసపడ్డాడు. పేరు పలికినందువల్లేనని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది. ఇక నిమ్మకాయ ముట్టనని ఒట్టు పెట్టుకుంది గానీ, ఎండలో పడి ఇంటికొచ్చినవాళ్ళకు గిలాసు ఇవ్వకుండా పంపడం ఆమె వల్ల కాలేదు.

కిరాణా అంగడి కేశవయ్య ఆయన్ను పలకరించడానికి వచ్చిన రోజు ఎండ నిప్పులు చెరుగుతోంది. కేశవయ్య అరుగు మీద చతికిలబడి కండువాతో విసురుకుంటూ, "లక్ష్మీదేవమ్మా, తల్లీ, ముందు గొంతు తడుపు. పలకరింపు తరువాత" అన్నాడు. ఇంటికొచ్చిన మనిషికి పేరు పలకాల్సిన పనిలేదు. ఆమె నన్నారి పోసి, నీళ్ళు కలిపి, కోసిన నిమ్మచెక్క గిలాసు మీదికి ఎత్తింది. అప్పుడే ఆమె చూపు వాకిట్లోకి పోయింది.

అక్కడ నీడకు వేసిన మంచం ఖాళీగా ఉంది. సుబ్బయ్య గోడ పట్టుకుని, అంట్లు తోమే జాలాడి దాకా పోయాడు. శివలీల బోరింగు దగ్గర నుంచి తెచ్చిపెట్టిన బకెట్లో పెద్ద చెంబు ముంచాడు. రెండు చేతులా ఎత్తుతున్నాడు. సగం నీళ్ళు చొక్కా మీద ఒలుకుతున్నాయి, మిగతా సగం నోటి దాకా వచ్చేసింది. ఆమె కూచున్న చోటికీ జాలాడికీ నడుమ పెద్ద వాకిలి. లేచి ఉరికినా అందదు.

"ఇదో!" అని అరిచింది.

పెళ్ళయిన దగ్గరినుంచీ ఆమె ఆయన్ను పిలిచే పిలుపు అదే. అన్నానికి పిలిచినా, కరెంటొచ్చిందని చెప్పినా, కోపమొచ్చినా, భయమేసినా, ఇదో. ఆ అరుపుతో పాటు ఆమె పిడికిలి బిగుసుకుంది. చెక్కలోని రసం చివరి చుక్క దాకా గిలాసులో పడింది. కేశవయ్య ఆమె ఎందుకరిచిందో చూసుకోలేదు. పాపం, ఆయన తొందర ఆయనది. గిలాసు అందుకుని గటగటా ఎత్తేశాడు.

జాలాడి దగ్గర సుబ్బయ్య ఆగిపోయాడు. చెంబు పెదాలకు ఆనే ఉంది. ఒక క్షణం దాన్ని, తనకు సంబంధం లేని వస్తువును చూసినట్టు చూశాడు. తర్వాత మెల్లిగా వంగి, ఆ నీళ్ళు కనకాంబరం మొక్క పాదులో పోశాడు.

ఇటు కేశవయ్య ఖాళీ గిలాసు కింద పెట్టి మొహం చిట్లించాడు. "ఏందమ్మా ఇది? రుచి బెమ్మాండంగా ఉండాది గానీ, గొంతు ఎండినట్లే ఉండాది. ఎవురి పేరున పిండి నాకిచ్చినావు?"

లక్ష్మీదేవమ్మ వాకిట్లోకి పరుగెత్తింది. ఆయన గోడ పట్టుకుని వెనక్కొస్తున్నాడు. గడ్డం తడిగా ఉంది.

"తాగినావా? నిజం చెప్పు, తాగినావా?"

"లేదు మే" అన్నాడు ఆయన ఆశ్చర్యంగా. "తాగాలనిపీలా. కడుపు నిండినట్లుండాది. ఎన్నాళ్ళకో దప్పిక లేదు."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఏం జరిగిందో ఆమె కంటే ముందు కేశవయ్యకు తట్టింది. అరుగు మీద నుంచే పెద్దగా నవ్వి, "అంటే ఇన్నేండ్లూ ఊరంతా ఇనేట్లు మొగుని పేరు పెట్టి పిలస్తానే ఉండావన్నమాట!" అన్నాడు. లక్ష్మీదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో మొహం ఎర్రబడింది. ఆ వెంటనే ఆ ఎరుపంతా దిగిపోయి పాలిపోయింది. మంచం మీద ఆయన్ను కూచోబెట్టి, పక్కనే కింద కూలబడింది.

"ఏమైందిమే?" అన్నాడు ఆయన.

"అది నీ పేరైతే..." ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి ఆగింది. "పలికినప్పుడల్లా ఒక దినం తగ్గుతాదని మా అమ్మ చెప్పింది. పొద్దున లేస్తే ఇదో, పనుకుంటే ఇదో. నీ ఆయుస్సంతా నేనే తినేసినానేమో."

సుబ్బయ్య ఆమె తల వంక చూశాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో పాత ఎకసెక్కెం మెదిలింది. "నువ్వు దినానికి నూరుసార్లు పిలిచినావు. ఆ లెక్కన నేను పెండ్లయిన ఏడాదే సచ్చుండాల. పోయి కేశవయ్యకు ఇంకో గిలాసు పిండు. ఈసారి నోరు మూసుకుని పిండు."

ఆ ఎండాకాలం ఆ ఇంట్లో ఫ్రిజ్ తాళం తీసేశారు. దోసిట్లో దొంగనీళ్ళు లేవు, కుక్క చిప్ప నిండుగానే ఉంటోంది. కడపలో క్రిస్టినా ఆయన్ను తూకం మీద నిలబెట్టి, ముల్లు చూసి, మళ్ళీ చూసి, "ఒంట్లో నీళ్ళే చేరలేదే! ఏం చేస్తాండారమ్మా?" అని అడిగింది.

"దినమూ నిమ్మకాయ నన్నారి" అంది లక్ష్మీదేవమ్మ.

క్రిస్టినా అదిరిపడింది. "ఈయనకా?"

"కాదు, నేను తాగుతాండా. ఈయన పేరున."

"ఓ, అట్లనా" అని క్రిస్టినా ఊపిరి పీల్చుకుని సూది చేతిలోకి తీసుకుంది. "మీకు షుగరుంటే చక్కెర తగ్గించుకోండమ్మా."

జబ్బు మాత్రం నయం కాలేదు. అది ఏ నిమ్మకాయకూ లొంగేది కాదు. వారానికి మూడుసార్లు సూదులూ, కారూ, కడపా తప్పలేదు. ఆయన చేతులు పుల్లల్లా అయ్యాయి. గోడ పట్టుకుని నడిచే మనిషి మంచానికే పరిమితమయ్యాడు. దప్పికొక్కటి లేదు, అంతే. అది లేకపోవడమే ఆయనకు బతుకయింది. పోతాడనుకున్న ఎండాకాలం దాటాడు, చినుకులు చూశాడు, తోటలో మిగిలిన నాలుగు చీనీ చెట్లు పూతకొచ్చాయని విన్నాడు.

ఒక్క వెలితి మాత్రం ఉండిపోయింది. దప్పిక తీరేది ఆయనకు, రుచి ఆమెకు. అందుకని మంచం ఎదురుగా కూచుని తాగుతూ ఆమె చెప్పాలి. "ఎట్లుండాది?" అని అడిగేవాడు. "ఈపొద్దు కాయ కొంచెం ఒగరు" అనేది. "సబ్జా గింజలు?" "పంటి కింద జారిపోతాండాయి." "నన్నారి వాసన?" "వానొచ్చే ముందర మన పొలం వాసన." ఆయన కళ్ళు మూసుకుని గుటక వేసేవాడు. తనకు గొంతెండుతున్నా ఆమె గిలాసు అయిపోయేదాకా వేరే నీళ్ళు ముట్టేది కాదు.

కార్తీకం చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె ఎప్పటిలాగే కాయ దొర్లించి, అడ్డంగా కోసి, "ఇదో" అని పలికి పిండింది. ఆమె పిలుపుకు ఆయన ఎప్పుడూ "ఆఁ" అంటాడు. ఆ రోజు అనలేదు.

ఆమె చెక్క పట్టుకున్న చెయ్యి గిలాసు మీదే ఆగిపోయింది. తలెత్తి చూసే ధైర్యం లేకపోయింది. మంచం తన ఎదురుగానే ఉంది, కళ్ళెత్తితే చాలు, కానీ ఎత్తలేకపోయింది. ఇంకోసారి పిలవాలని నోరు తెరిచింది. పిలిస్తే పలక్కపోతే ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ మూసుకుంది. వాకిట్లో శివలీల అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. గిలాసులో గింజలు తేలి, మెల్లిగా అడుక్కి దిగుతున్నాయి. తాగితే ఎవరి దప్పిక తీరుతుందో ఆమెకు తెలియలేదు.

"తాగు మే" అన్నాడు ఆయన, గాలి కంటే సన్నగా. "ఎంతసేపు? నాకు దప్పికైతాంది."

లక్ష్మీదేవమ్మ రెండు చేతులా గిలాసు ఎత్తి, ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది.